వండని ఒడిబియ్యం

"ఆ బియ్యం ఎవ్వలు ముట్టుకోవద్దు," అన్నాడు మల్లేశ్వర్.

అన్న మాటకు తానే కాపలా ఉండాలనుకున్నాడో ఏమో, పూజగది గుమ్మంలోంచి కదల్లేదు. లోపల పీట మీద గంప ఉంది. గంపలో పసుపు కలిపిన బియ్యం, పైన ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఆకుపచ్చ రవికె గుడ్డ. గురువారం నాడు ఉపేందర్ తల్లి రేణుకమ్మ తన ఇంట్లో మల్లేశ్వర్ భార్య అనుపమను పీట మీద కూర్చోబెట్టి, పుట్టింటివాళ్ళు కన్నకూతురికి పోసినట్టే ఒడిలో పోసి పంపిన బియ్యం అవి. ఇవాళ శనివారం. గంప దించిన చోటి నుంచి కదల్లేదు. ఇంట్లో మాటలు కూడా ఆ రోజు నుంచి ముందుకు సాగడం లేదు.

"ముట్టుకోకుంటె ఏం జేస్తరు? సీలు ఏసి కోర్టుకు పట్కపోతరా?" అంది అనుపమ. కొత్తిమీర తెంపుతోంది, తల ఎత్తలేదు.

ఇంట్లో ఆమె భర్తను 'నువ్వు' అనే అంటుంది. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్ళూ నలుగురిలో 'మీరు' అనక తప్పలేదు. అదీ జీపు దిగి గడప దాటేవరకే. ఇప్పుడు చుట్టూ ఎవరూ లేకపోయినా 'మీరు' అంటోందంటే వ్యవహారం బాగా చెడిందన్నమాట. మల్లేశ్వర్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసినా ఏం చేయాలో తెలియక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

హాల్లో మంచం మీద కూర్చున్న మల్లేశ్వర్ తల్లి దుర్గవ్వ ఊరుకోలేదు.

"ఒడిబియ్యం గిట్ల పండవెట్టుకుంటరార ఎవరన్న? ఆడివిల్ల ఒడిల పోసినయి వండుకోవాలె, నలుగుర్ని పిలిచి పెట్టాలె. ఇంటోళ్ళల్ల నువ్వు ముందుగాల తినాలె. లేకుంటె పుట్టింటికి మంచిది గాదు, మనింటికీ మంచిది గాదు."

"పుట్టిల్లు ఎక్కడిది అత్తమ్మా?" అంది అనుపమ. "లేదని మీ కొడుకు కోర్టుల చెప్పొచ్చిండు గద."

దుర్గవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు కిటికీ వైపు చూశాడు.

మల్లేశ్వర్ కూర్చునే కుర్చీకి ప్రభుత్వం పెట్టిన పేరు జిల్లా వినియోగదారుల ఫోరం అధ్యక్ష స్థానం. శంషాబాద్‌లో అంత పొడుగు మాట ఎవరి నోటా తిరగదు. ఎత్తు మీద కుర్చీ ఉండి, ఎదురుగా ఇద్దరు వకీళ్ళు వాదులాడుకుంటే చాలు, అక్కడ కూర్చున్నవాడు జడ్జే. గేటు గోడకు మూడు పలకలున్నాయి. మొదటిది అడ్వకేటు పలక, రంగు వెలిసిపోయింది. రెండోది శాసనసభ్యుల పలక. 2009 ఎన్నికల తర్వాత దాని ముందు 'మాజీ' అని రాయించాల్సి వచ్చింది, చోటు చాలక పెయింటరు ఆ మాటను చీమంత చేశాడు. మూడోది ఈ ఏడు పెట్టినది. దాన్ని దుర్గవ్వ రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తుంది.

మొన్న మంగళవారం ఆ ఎత్తు కుర్చీ ముందుకు ఉపేందర్ మీద కేసు వచ్చింది.

ఫిర్యాదు చేసినాయన పేరు భీమశంకరరావు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడి, టెలిఫోన్ శాఖలో రిటైరైన మనిషి. విమానాశ్రయం కడుతున్న రోజుల్లో ఉపేందర్ వేసిన వెంచర్‌లో ప్లాటు కొన్నాడు. ఇప్పుడు వానలు పడ్డాయంటే ఆ ప్లాటులో మోకాటి లోతు నీళ్ళు. అది చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల. ఇల్లు కట్టుకోనివ్వరు, అమ్ముకుందామంటే కొనేవాడు లేడు. ఆయన వకీలును కూడా పెట్టుకోలేదు. కేసు పిలవగానే తానే లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, విచారణ మొదలయ్యే ముందు ఒక్క సంగతి. ప్రతివాది ఉపేందర్ గారికీ మీకూ బంధుత్వం ఉందని బయట అంటున్నారండి. నిజమేనా?"

ఏళ్ళ తరబడి వకాలత్ చేసిన బుర్ర గడియారం కంటే వేగంగా తిరిగింది. రక్తసంబంధం లేదు. వియ్యం లేదు. ఇంటిపేర్లు కలవవు. "చట్టం దృష్టిలో ఏ బంధుత్వమూ లేదు," అన్నాడు మల్లేశ్వర్, అదే రాయించాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే ఇంట్లో దానికి క్షమ కూడా దొరకడం లేదు.

"అనుపమా, జర నిమ్మళంగ విను," అన్నాడు ఇప్పుడు. "నేను చుట్టరికం ఉన్నదంటె కేసు నా దగ్గర ఉండదు. ఇంకో జిల్లకు పోతది. ఆ పెద్దమనిషి మళ్ళ మొదటికెల్లి తిరగాలె. ఆయన వయసు చూసినవా?"

"ఆయన వయసు చూసిండ్రు, మంచిదే. మా బాపును గూడ యాదికి తెచ్చుకోండ్రి," అంది అనుపమ. కొత్తిమీర పక్కన పెట్టింది. "మా బాపు పోయిన దినం దాయాదులంత ఒకరి మొకం ఒకరు చూసుకుంట నిలవడ్డరు. కొడుకుల్లేని మనిషికి కొరివి పెడితె తమకేం చుట్టుకుంటదో అని. పక్కింటి పోరడు ముందుకొచ్చి అగ్గికుండ పట్టిండు. అప్పుడు మీరూ అక్కడే ఉన్నరు. మా బాపుకు కొరివి పెట్టినోడు నాకేమైతడు? మీ చట్టంల ఆ మనిషికి ఏం పేరున్నదో చెప్పుండ్రి."

చట్టంలో అలాంటి మనిషికి పేరు లేదు. మల్లేశ్వర్ వెతకకుండానే చెప్పగలడు.

అనుపమ పుట్టిన ఊరు ఇప్పుడు విమానాశ్రయం ప్రహరీ గోడ లోపల ఉంది. ఊరంటే ఊరు లేదు, నేల ఉంది, దాని మీద విమానాలు దిగుతాయి. ఊరివాళ్ళు తలో దిక్కూ పోయారు. భూములు పోయినవాళ్ళ పరిహారం కేసులు వాదించి మల్లేశ్వర్ పేరు తెచ్చుకున్నాడు, ఆ పేరుతోనే ఎమ్మెల్యే అయ్యాడు. అంటే భార్య పుట్టిల్లు పోయిన చోటే ఆయన ఎదుగుదల మొదలైంది. ఈ మాట అనుపమ ఎప్పుడూ అనలేదు. అననందుకు ఆయనకు ఎన్నోసార్లు సిగ్గేసింది.

పుట్టిల్లంటూ ఆమెకు మిగిలింది రేణుకమ్మ వాకిలి ఒక్కటే. కొరివి పెట్టిన కొడుకును చూపించి, "ఇగ నువ్వు నా బిడ్డవే," అని ఐదేళ్ళ కింద మొదటిసారి ఒడిబియ్యం పోసింది. మళ్ళీ ఇప్పుడు పోసింది. ఇచ్చే చెయ్యి నిజం, పట్టిన ఒడి నిజం. మంగళవారం నాడు తాను రాయించిన వాక్యం కూడా నిజమే. మూడూ నిజాలైతే తప్పు ఎక్కడుందో మల్లేశ్వర్‌కు అంతు పట్టలేదు.

ఆ సాయంత్రం ముందు గదిలో, పాత కేసుల కట్టల మధ్య కూర్చుని ఉంటే అనుపమ చాయ్ తెచ్చింది. కప్పు పెట్టి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఎదురు కుర్చీలో కూర్చుంది. అది క్లయింట్లు కూర్చునే కుర్చీ.

"ఉపేందర్‌ను ఇడిచిపెట్టుమని నిన్ను నేను అడుగుతలేను," అంది.

ఆమె మళ్ళీ ఏకవచనంలోకి దిగినందుకు మల్లేశ్వర్‌కు సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం ఆమె తర్వాతి మాటలతో పోయింది.

"వాడు తప్పు జేసిండంటె శిక్ష ఎయ్యి. నేను ఓర్సుకుంట. కని నా తమ్ముడని చెప్పి ఎయ్యి. ఎవ్వడో అని చెప్పి ఇడిచిపెట్టినా నాకొద్దు."

"తమ్ముడని చెప్తె శిక్ష ఏసే హక్కు నాకుండది అనుపమా. ఈ కేసుకు కుర్చీ దిగాలె."

"అయితె దిగు."

"గంత అల్కగ అంటున్నవ్?"

"ఇంతకుముందు గూడ దిగినవ్ గద. ఓడిపోయిన దినం కార్లున్నోళ్ళంత పోయిండ్రు, నేను పోయిన్నా?"

ఆయన చాయ్ తాగలేదు. ఆమె కప్పు తీసుకుపోలేదు. గోడ అవతల ఎయిర్‌పోర్టు క్యాబులు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

అనుపమకు తెలియని సంగతి ఒకటుంది. మల్లేశ్వర్‌కు ఆ కేసు కావాలి. ముసలాయన మీద జాలి ఉంది, కాదనడానికి లేదు. కానీ జాలి ఒక్కటే అయితే మంగళవారం నోరు అంత తొందరగా పెగిలేది కాదు. తీర్పు తన చేత్తో భీమశంకరరావు పక్షాన రాసేస్తే, ఆ వెంచర్‌తో తనకున్న పాత లెక్క ఒకటి చడీచప్పుడు లేకుండా మాఫీ అయిపోతుందని ఆయన ఆశ. మరొకరు జడ్జి అయితే ఆ లెక్క ఎవరైనా అడుగుతారు. తానే జడ్జి అయితే అడిగేదెవరు?

ఆ లెక్క ఏమిటో ఆదివారం పొద్దున ఉపేందర్ వరండా మెట్ల దాకా వచ్చి గుర్తు చేసిపోయాడు.

తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసు, చేతిలో కారు తాళం. మనిషి మాత్రం కాస్త వంగి నిలబడ్డాడు. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి నడిచి, "అక్కా, ఏం జేసినవ్?" అని మూత తీసి చూసేవాడు ఈసారి మెట్టు ఎక్కలేదు.

"నువ్వు రావద్దుర ఉపేందర్. కేసు నడుస్తున్నది," అన్నాడు మల్లేశ్వర్.

"కేసు కోసం రాలే బావా. అవ్వ పంపింది. బియ్యం వండిండ్రా, బావ తిన్నడా అని అడుగుతున్నది. మోకాళ్ళ నొప్పులు లేకుంటె తానే వస్తుండె. ఏం చెప్పాలె?"

"గీ శ్రావణంలనే యాదికొచ్చినయా ఒడిబియ్యం? కేసు పిలిచిన రెండో దినమే?"

ఉపేందర్ మొహం మీద దెబ్బ తగిలినట్టయింది. తాళాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అవ్వకు కేసు సంగతే ఎరికలే. ఐదేండ్లాయె, పొయ్యాలె అన్నది. వద్దని చెప్పే నోరు నాకు రాలే." తల ఎత్తాడు. "పోయినసారి పోసినప్పుడు నువ్వు ఎమ్మెల్యేవి బావా. అప్పుడు ఎందుకని అడగలే నువ్వు."

మల్లేశ్వర్ గేటు పలకల వైపు చూశాడు.

"రిబ్బన్ కత్తిరించిన దినం గూడ అడగలే," అన్నాడు ఉపేందర్, గొంతు తగ్గించి. "నేను బెదిరిస్తలేను. నువ్వు పెద్దోనివి, నాకంటె నీకే ఎక్కువ ఎరిక. నేను ఆ ఊర్లె పుట్టినోన్ని, ఈ చెరువు నాకు కొత్త. నీకు కొత్త గాదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అనుపమ విన్నదో లేదో తెలియదు. ఉపేందర్ ఆ వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

నిజమే, ఆ చెరువు మల్లేశ్వర్‌కు కొత్త కాదు. మహేశ్వరం దారిలో గుట్ట కింద ఉన్న ఆ చెరువులోనే ఆయన ఈత నేర్చుకున్నాడు. తర్వాత వరసగా కరువులొచ్చాయి. చెరువు ఎండింది, పగుళ్ళు వేసింది, గడ్డి మొలిచింది, గొర్లు మేశాయి. విమానాశ్రయం వస్తోందనగానే ఆ గడ్డి మీద తెల్ల రాళ్ళు పాతారు. చచ్చిపోయిన చెరువు మళ్ళీ బతకదని అందరూ అనుకున్నారు. ఎమ్మెల్యే మల్లేశ్వర్ కూడా అలాగే అనుకోవడం తనకు వీలుగా ఉందని అనుకున్నాడు. షామియానా కింద కత్తెర అందుకుని, మైకు ముందు నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చాడు. తర్వాత వానలు పడ్డాయి. చెరువుకు ఎవరూ చెప్పలేదు గదా చచ్చిపోయావని, అది మామూలుగా నిండింది.

సోమవారం ఫోరం కిటకిటలాడింది.

ప్రత్యేక రాష్ట్రం ప్రకటన వచ్చి నెల కాలేదు. ఇక్కడి బిల్డరు, అక్కడి నుంచి వచ్చిన ఫిర్యాదుదారు, ఇక్కడి జడ్జి. వరండాలో వకీళ్ళు అప్పుడే రెండు పక్షాలుగా చీలి తీర్పు రాసేసుకుంటున్నారు. భీమశంకరరావు మాత్రం ఎవరి జోలికీ పోకుండా భార్య వరలక్ష్మి పక్కన బెంచీ మీద కూర్చుని, ఆమె అందించిన మంచినీళ్ళు తాగుతున్నాడు.

ఎత్తు కుర్చీలో కూర్చున్నాక మల్లేశ్వర్ హాలంతా చూశాడు. చివరి బెంచీలో అనుపమ ఉంది. వస్తానని చెప్పలేదు. ఆయన లాయరుగా, ఎమ్మెల్యేగా ఎన్నో వేల మాటలు మాట్లాడాడు, ఆమె ఒక్కసారైనా వినడానికి వచ్చిన మనిషి కాదు. ఈ రోజు ఒకే ఒక్క మాట కోసం వచ్చింది.

కేసు పిలిచారు. మల్లేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"కిందటి వాయిదాలో నేను ఒక మాట రాయించాను. ప్రతివాదికీ నాకూ చట్టం దృష్టిలో బంధుత్వం లేదని. ఆ వాక్యం తప్పు కాదు, కానీ సరిపోదు." చివరి బెంచీ వైపు చూశాడు. "ప్రతివాది ఉపేందర్ నా భార్యకు తమ్ముడు. మా మామగారి చితికి నిప్పు పెట్టింది అతనే. ఆ ఇంటి నుంచి నా భార్యకు ఒడిబియ్యం వస్తాయి. కాబట్టి ఈ కేసు నేను వినకూడదు. తప్పుకుంటున్నాను."

హాల్లో గుసగుసలు లేచాయి. ఉపేందర్ వకీలు అప్పటికే సగం లేచి, తాను అడగాలనుకున్నది అడక్కుండానే దొరికినందుకు సంతోషంగా కూర్చున్నాడు. కేసు ఇంకో జిల్లాకు పోతే అతని క్లయింటుకు కావలసినంత కాలం కలిసొస్తుంది. ఆ క్లయింటు మాత్రం సంతోషించినట్టు కనబడలేదు. తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు, నిప్పుకుండ పట్టిన చేతులు.

చివరి బెంచీలో అనుపమ కొంగు కళ్ళకు అద్దుకుంది. మల్లేశ్వర్ అది చూశాడు. కుర్చీ పోయినా ఫరవాలేదనిపించింది. మనిషికి అలాంటి క్షణాలు దొరికేది తక్కువ. దొరికినవి కూడా ఎంతోసేపు ఉండవు.

భీమశంకరరావు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క మనవి. మీరు తప్పుకోవడం ధర్మమేనండి, కాదనను. ఇంతమందిలో ఇంటి మాట చెప్పారు, అది అందరివల్లా కాదు." ఆయన గొంతులో వెటకారం లేదు. "కానీ నేను ఆ ప్లాటు ఉపేందర్ గారిని చూసి కొనలేదండి. ఆయనెవరో నాకు తెలీదు. మిమ్మల్ని చూసి కొన్నాను. రిబ్బను మీరు కత్తిరించారు. 'నేను లాయర్ని, ఈ భూమి సంగతి నాకు తెలుసు, నిశ్చింతగా కొనుక్కోండి' అని మైకులో అన్నారు. నేనూ మా ఆవిడా ముందు వరసలోనే కూర్చున్నామండి."

వరలక్ష్మి కూర్చున్న చోటి నుంచే అవునన్నట్టు తలూపింది.

"ఈ కేసుకు మీరు జడ్జిగా ఉన్నంతవరకూ మిమ్మల్ని నేనేమీ అడగకూడదు. ఇక ఫరవాలేదనుకుంటాను. కేసు ఏ జిల్లాకు వెళ్తే ఆ జిల్లాలో, మిమ్మల్ని సాక్షిగా పిలిపించమని అడుగుతానండి. అన్యథా భావించకండి."

నమస్కారం పెట్టి కూర్చున్నాడు. తర్వాతి కేసు పిలవాల్సిన బంట్రోతు ఆ మాట మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. మల్లేశ్వర్ కళ్ళు చివరి బెంచీకి వెళ్ళాయి. అనుపమ కొంగు ఒళ్ళోకి జారింది. ఆమె ఆయన్నే చూస్తోంది, కానీ ఇందాకటి చూపు కాదు.

దీపాలు పెట్టే వేళకు ఆయన ఇల్లు చేరేసరికి గంప ఖాళీగా వాకిట్లో బోర్లించి ఉంది. ఇంటినిండా నెయ్యి వాసన. చుట్టుపక్కల ఆడవాళ్ళు మధ్యాహ్నమే వచ్చి తిని, బొట్టు పెట్టించుకుని పోయారట. దుర్గవ్వ మొహం వెలిగిపోతోంది.

"బియ్యం వండింది కోడలు. పొద్దున కోర్టుకెల్లి వచ్చి రాంగనే పొయ్యి ముట్టించింది. నువ్వు తిన్నంకనే తను తింటదట," అంది.

లోపల రెండు పీటలు, రెండు పళ్ళేలు. ఒక పీట మీద ఉపేందర్ కూర్చుని ఉన్నాడు. మల్లేశ్వర్ గుమ్మంలో ఆగిపోయాడు.

"నేనే పిలిచిన," అంది అనుపమ. "తమ్ముడని అందరి ముంగట చెప్పినవ్ గద. తమ్ముడు తినకుంట ఎట్లుంటది? కూసో."

"వకీలు అడుగుతడనుకున్న బావా," అన్నాడు ఉపేందర్ మెల్లగా. "నువ్వే చెప్తవనుకోలే."

మల్లేశ్వర్ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అనుపమ పసుపన్నం వడ్డించింది, పప్పు వేసింది, నెయ్యి పోసింది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. దుర్గవ్వ రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఆ మెతుకులు గొంతు దిగుతుంటే, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చని మల్లేశ్వర్‌కు నిజంగానే అనిపించింది.

"అవునుగని, గా పెద్దమనిషి ప్లాటు యాడున్నదిర?" అంది దుర్గవ్వ. ఆమెకు మనసు తేలికపడితే మాటలు ఎక్కువవుతాయి.

ఉపేందర్ వినపడనట్టు పప్పు కలుపుకున్నాడు. అనుపమే జవాబు చెప్పింది.

"మహేశ్వరం తొవ్వల అత్తమ్మా. గుట్ట కింద."

"గుట్ట కిందనా? గాడ చెరువు గదనే!" దుర్గవ్వ నవ్వింది. "మల్లేశుకు ఈత ఆన్నే వచ్చింది. ఒకపారి మునుగుతుంటె వాని దోస్తు కొండల్ జుట్టు వట్టి గుంజుకొచ్చిండు ఒడ్డుకు. ఎన్ని నీళ్ళు తాగిండో! గాడ ప్లాట్లేంది? నీళ్ళల్ల ఎవడన్న ఇల్లు కడ్తడా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోట ఎందుకు నవ్వలేదో తెలియక దుర్గవ్వ ఒక్కొక్కరి మొహం చూసింది.

అనుపమ చేతిలో గరిటె అలాగే ఉంది. ఆదివారం మెట్ల దగ్గర సగం విన్న మాటకు మిగతా సగం ఇప్పుడు వచ్చి కలిసింది. భర్తను చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"ఇద్దరు ఈడనే ఉన్నరు," అంది. గొంతు పెద్దది చేయలేదు. "రిబ్బన్ కత్తిరించిన దినం, అది చెరువని నీకు ఎరికెనా?"

"అక్కా, తినే కాడ గీ ముచ్చట ఎందుకు?" అన్నాడు ఉపేందర్.

"నిన్ను అడుగుతలేను. నీ బావను అడుగుతున్న."

అప్పుడు చెరువు ఎండి ఉందని చెప్పవచ్చు. కాగితాల మీద పట్టా భూమి అని ఉందని చెప్పవచ్చు. ఏ వాక్యంలోనూ అబద్ధం లేకుండా అరగంట మాట్లాడగల విద్య ఆయన దగ్గర ఉంది, దాని మీదే ఇన్నేళ్ళూ బతికాడు. మంగళవారం కూడా అదే విద్య. మల్లేశ్వర్ పళ్ళెంలో పచ్చటి మెతుకులు చూశాడు.

"ఎరికే," అన్నాడు.

ఉపేందర్ కళ్ళు మూసుకున్నాడు. దుర్గవ్వకు ఏమీ అర్థం కాలేదు, కానీ ఏదో కూలిందని మాత్రం తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అనుపమ ఏడుస్తుందనుకున్నాడు, లేదా లేచి పోతుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు. గిన్నెలో మిగిలిన అన్నం ఇద్దరి పళ్ళేల్లోనూ వడ్డించింది, ముందు తమ్ముడికి, తర్వాత భర్తకు.

"తినుండ్రి. ఒడిబియ్యం మిగలొద్దు," అంది. ఖాళీ గిన్నె పక్కన పెట్టి భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది. "గీ మాట ఇంట్ల నాకు చెప్పినవ్. ఆడ, ఆ పెద్దమనిషి ముంగట నిలవడి గూడ చెప్తవా?"

ఆమె అడిగింది మల్లేశ్వర్‌నే. కానీ ముద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఆపి, ఆ జవాబు కోసం ఆమె కంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నవాడు ఉపేందర్.